తుండుగుడ్డ కింద ఆరు

ఇప్పుడు రెండేళ్ళు చేశారు గానీ, అప్పట్లో బీఎడ్ ఒక్క ఏడాదే. ఒక్క ఏడాదిలో మనిషి అయ్యవారు అయిపోవచ్చునని అందరూ నమ్మిన రోజులవి. అప్పులవాడు కావడానికి మాత్రం అంత వ్యవధి అక్కరలేదు. నాకు రెండు రోజుల వాన సరిపోయింది. (ఖచ్చితంగా చెప్పాలంటే రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. నేను అంకెల మనిషిని, అంకెల దగ్గర అతిశయోక్తి నా ఒంటికి పడదు.) బీఎడ్‌లో చేరేటప్పటికి నాకు ముప్పై ఒకటి. దాన్ని కుర్రతనం అనవచ్చునో లేదో తెలియదు. ఇప్పుడు నలభై ఐదు దాటి వెనక్కి చూస్తే మాత్రం, తల నిండా ఎక్కాలూ కాళ్ళకు తెగిన చెప్పులూ ఉన్న ఆ మనిషి నాకు పసివాడిలాగే కనిపిస్తాడు. కోప్పడాలనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని, "తేమ సంగతి ఆలోచించావా నాయనా?" అని ఒక్క మాట అడగాలనిపిస్తుంది.

ఇంటర్ తప్పి నేను చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా చేరాను. నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. కాటా దగ్గర నిలబడి, తూకం వేసేవాడు బరువు అరిచేలోపల ధరతో హెచ్చించి రూపాయలు పైసలతో చెప్పడం పొట్టకూటి కోసం అబ్బిన విద్య. ఆ ఊపులోనే దూరవిద్యలో డిగ్రీ కూడా అయిందనిపించాను. మండీలోనే ఇంకొక విద్య కూడా అబ్బింది. కొనేవాడూ అమ్మేవాడూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు, పైన తుండుగుడ్డ కప్పుతారు, లోపల వేళ్ళు నొక్కి బేరం చేస్తారు. ఒక వేలు నొక్కితే ఒకటి, రెండు నొక్కితే రెండు, చెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు, చెయ్యి పట్టుకుని మళ్ళీ ఒక వేలు నొక్కితే ఆరు. నూర్లా వేలా అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు. పైకి చూస్తే ఇద్దరు పెద్దమనుషులు ఒకరి నాడి ఒకరు చూసుకుంటున్నట్టు ఉంటుంది.

ఒక ఏడాది నాకు వ్యాపారి కావాలన్న బుద్ధి పుట్టింది. బెల్లం చవగ్గా ఉన్న నెలల్లో కొని, వినాయక చవితికి కాణిపాకం చుట్టుపక్కల ధర పెరిగినప్పుడు అమ్మితే ఎంత మిగులుతుందో మూడు నోటుపుస్తకాల్లో లెక్క వేశాను. గది అద్దె వేశాను, గోతాలు వేశాను, కూలి వేశాను, ఎలుకలు తినేదానికి నూటికి అర్ధరూపాయి కూడా వేశాను. ఎనభై వేలు అప్పు తెచ్చి కిలో ఇరవై చొప్పున నాలుగు టన్నులు కొన్నాను. చవితి ఇంకా పది రోజులుందనగా ముందు చెప్పిన ఆ వాన వచ్చింది. పైకప్పు కారింది. బెల్లం కరిగింది. తలుపు తీసేసరికి గది గుమ్మంలోంచి నా ఎనభై వేలు మెల్లగా, ఏ తొందరా లేకుండా, వీధిలోకి నడిచి పోతున్నాయి. మండలంలోని చీమలన్నీ వచ్చాయి. పక్కింటి ముసలాయన గడప దగ్గర కూర్చుని రెండు రోజులు చూసి, "ఎవురికైనా లాభం వచ్చిందంటే ఇవిటికే అప్పా" అన్నాడు. మిగిలిన పాకం పశువుల దాణాకు పోయింది. ఆ వచ్చిన డబ్బు గది కడిగిన కూలికీ అద్దెకూ సరిగ్గా సరిపోయింది. (నూట పది రూపాయలు తక్కువ పడింది. అది నేను జేబులోంచి వేశాను.)

ఆ ఎనభై వేలు ఇచ్చినాయన్ను మా ఐరాల వైపు అందరూ మూడు రూపాయలాయన అనేవాళ్ళు. నూటికి నెలకు మూడు రూపాయలు ఆయన వడ్డీ. పశువుల బేరగాడు కూడా. వారం వారం పలమనేరు సంతకు పోయేవాడు. వడ్డీకి వడ్డీ వేసేవాడు కాదు, అది ఆయన ధర్మం. ఇంకొక ధర్మం కూడా ఉండేది. బాకీ మాట నోటితో అడిగేవాడు కాదు. "బజార్లో మనిషిని నిలబెట్టి అరిసేది నా చేత కాదప్పా. వానికీ పెండ్లాం బిడ్డలు ఉంటారు కదా" అనేవాడు. నెలకొకసారి టీకొట్టు దగ్గర ఎదురుపడి, నవ్వుతూ భుజం మీద తుండుగుడ్డ తీసి నా చేతి మీద కప్పేవాడు. నెల వడ్డీ రెండు వేల నాలుగు వందలకు అసలులో కొంత కలిపి ఆయన మూడు వేలని మూడు నొక్కితే నేను రెండు నొక్కేవాణ్ణి. ఆయన మళ్ళీ మూడు నొక్కేవాడు. టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళం. నాకు ఎంత అప్పుందో ఐరాలలో ఒక్క పురుగుకూ తెలియదు. మా ఆవిడకు కూడా పూర్తిగా తెలియదు. ఆమెకు యాభై వేలని చెప్పాను. మిగతా ముప్పై చెప్పడానికి మంచి రోజు కోసం చూస్తున్నాను.

మంచి రోజు రాలేదు, ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. బరువు పెడితే అదే హెచ్చించి, అదే చీటీ ముద్రించి ఇచ్చేది. మండీ షావుకారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించాడు. ఇన్నేళ్ళలో ఇప్పించని కాఫీ ఇప్పించగానే నాకు విషయం అర్థమైంది. "నువ్వు లెక్క శానా బాగా సెప్తావప్పా. అయ్యవారివి కాకూడదా?" అన్నాడు. మనిషిని పనిలోంచి తీసేయడానికి అంతకన్నా మర్యాదైన మాట నేను ఇంతవరకూ వినలేదు. పొద్దునపూట రెండు గంటలు పద్దులు రాసిపెట్టే పని మాత్రం ఉంచాడు. ప్రవేశ పరీక్ష రాశాను, సీటు వచ్చింది, ఫీజుకూ బస్సులకూ పుస్తకాలకూ మూడు రూపాయలాయన దగ్గర ఇంకో ఇరవై వేలు తెచ్చాను. ఎనభైకి ఇరవై కలిపితే లక్ష. లక్షకు నెలకు వడ్డీ మూడు వేలు. జీవితంలో మొదటిసారి నా లెక్క గుండు సున్నాలతో, చక్కగా, ఏ భిన్నాలూ లేకుండా కుదిరింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో చెప్పలేను.

కాలేజీలో మొదటి రోజు కాపలాదారు నన్ను చూసి, "ఫీజు కట్టే నాయనలంతా ఆ పక్క కూసోండి" అని నీడలో కుర్చీ చూపించాడు. కాసేపు కూర్చున్నాను కూడా, ఎండ మండిపోతోంది. తరగతిలో అందరూ ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళవాళ్ళు. నన్ను బెల్లమన్న అని పిలిచేవాళ్ళు. ఆ పేరులో తీపి వాళ్ళకు మాత్రమే తగిలేది. కాలేజీ కరస్పాండెంటుకు ఒక ప్రైవేటు బడి కూడా ఉండేది. జూన్‌లో ఆ బడికి లెక్కల అయ్యవారు కావాలి. నేను నోటిలెక్క చెప్పడం చూసి ఒకరోజు ఆయన, "ఫైనల్ పాఠంలో నూటికి డెబ్బై తెచ్చుకో. జూన్‌లో చేరితే నెలకు ఎనిమిది వేలిస్తాను" అని, వెళ్ళబోతూ ఆగి, "అప్పులేమీ లేవు గదా? పోయినేడు ఒక మహానుభావుడు పిల్లోళ్ళ ఫీజు వసూలు జేసుకోని అప్పులోళ్ళకి కట్టి ఊరిడిసి పెట్టినాడు. అప్పటినించీ అప్పున్నోల్ని నేను తీసుకోను" అన్నాడు. నేను లేవని చెప్పలేదు. అబద్ధం చెప్పడం నాకు రాదు. తల ఊపాను. అది ఎటువైపు ఊపానో ఆయన ఇష్టానికి వదిలేశాను.

ఆ రోజు ఇంటికి పోయి లెక్క వేశాను. ఎనిమిది వేలలో నెలకు ఐదు వేలు కడితే, వడ్డీ పోను మిగిలింది అసలుకు చేరుతూ, లక్ష తీరడానికి ముప్పై ఒక్క నెల. నా వయసెంతో అన్ని నెలలు. ఆ ఉద్యోగం లేకపోతే ఎన్ని నెలలన్న లెక్క కూడా మొదలుపెట్టాను గానీ, పావువంతులో పెన్సిల్ కింద పెట్టేశాను. నెలకు కట్టేది వడ్డీ కంటే తక్కువైతే ఆ లెక్కకు జవాబు ఉండదు. పద్నాలుగేళ్ళుగా ఊరందరి లెక్కలూ తేల్చినవాడు తన లెక్క ఒక్కటి మధ్యలో మూసిపెట్టాడు.

పాఠాలు చెప్పే సాధనకు మా ఊరి పక్కనే ఒక ఉన్నత పాఠశాల ఇచ్చారు. ఎనిమిదో తరగతి, నలభై రెండు మంది. మొదటి వారం వాళ్ళకు నేను కనపడనేలేదు. నేను బోర్డు వైపు తిరిగితే ఇంకో బడి మొదలయ్యేది. తోటివాళ్ళు రంగు చార్టులూ అట్టముక్కల బొమ్మలూ చేసుకొచ్చేవాళ్ళు. నా దగ్గర చార్టు కొనడానికి పదిహేను రూపాయలు ఉండేవి గానీ, అవి పొద్దున మండీకి పోయి వచ్చే రెండు బస్సు టికెట్లు. దిక్కుతోచక ఒకరోజు మండీ తుండుగుడ్డ తీసుకుపోయాను. ఇద్దర్ని పిలిచి చేతుల మీద కప్పి, ఒకడు రెండుసార్లు వేళ్ళు నొక్కితే ఇంకొకడు ఆ రెండు అంకెలనూ హెచ్చించి బోర్డు మీద రాయాలన్నాను. అంతే. నలభై రెండు మందీ పడి చచ్చారు. భోజనాల గంటలో చున్నీల కొంగుల కింద, సంచుల కింద, చివరికి మధ్యాహ్న భోజనం పళ్ళేల కింద కూడా బేరాలు జరిగాయి. మొదటి బెంచీలో కూర్చునే ఒక పిల్ల ఉండేది. రెండు జడలు, కళ్ళు మాత్రం కాటా ముల్లులాగా ఇటూ అటూ ఆడుతూ ఉండేవి. ఆ పిల్ల గుడ్డ కింద వేళ్ళు కదలడం పైనుంచి చూసే అంకె చెప్పేసేది. "నీ గుడ్డ పలసన అయిపొయ్యింది సార్, అంతా కనపడతాది" అనేది. నేను ముచ్చటపడి నవ్వాను. వారం తిరిగేసరికి మిగతా పిల్లలకూ ఆ చూపు పట్టుబడింది. నా తుండుగుడ్డకు ఏడేళ్ళు. మండీలో పెద్దవాళ్ళంతా మర్యాదకు చూపు పక్కకు తిప్పుకుని ఉంటారని అప్పటికి నాకు తట్టలేదు.

ఫైనల్ పాఠానికి అంశం చీటీ తీస్తే నాకు బారువడ్డీ వచ్చింది. (నవ్వకండి.) ఆ రోజు తిరుపతి నుంచి పరీక్షాధికారి వచ్చాడు. సన్నగా, గొడుగు పట్టుకుని, ఎప్పుడూ ఏదో తక్కువైనట్టు చూసే పెద్దాయన. ఆయన పక్కన వెనక బెంచీలో కరస్పాండెంటు కూర్చున్నాడు, సంతలో ఎద్దు పళ్ళు చూడ్డానికి వచ్చినవాడి లాగా. నేను బోర్డు మీద లెక్క రాశాను: ఒక వ్యాపారి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి ఒక లక్ష రూపాయలు అప్పు తీసుకున్నాడు. నెలకు వడ్డీ ఎంత? రెండు నెలలకు ఎంత? ఇంకే అంకెలైనా వేయవచ్చు. కానీ ఉత్తుత్తి అంకెలు వేయడం నాకు మొదటినుంచీ చేతకాదు. చెయ్యి దానంతట అదే రాసేసింది. రాసి, ఆ లెక్కను మొదటిసారి అంత పెద్ద అక్షరాలతో చూసి, ఒక్క క్షణం సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

అప్పుడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. మూడు రూపాయలాయన! రెండు నెలలుగా నేను ఆ టీకొట్టు వైపు పోలేదు. పరీక్ష ఫీజుకూ రికార్డు పుస్తకాలకూ ఆ వడ్డీ డబ్బు పెట్టేశాను. ఆయన ఆ పొద్దున మా ఊళ్ళో ఒక ఆవును కొన్నాడు. కొత్త ఆవు బెదరకుండా తన తుండుగుడ్డను దాని కొమ్ములకు చుట్టి, బడి మైదానంలో వేపచెట్టుకు కట్టేసి, నేను ఇక్కడున్నానని తెలిసి వచ్చాడు. నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తాను.

"ఇప్పుడు కాదు మామా, పరీక్ష జరుగుతాండాది" అన్నాను గొంతు తగ్గించి.

"నేనేం మాట్లాడనప్పా. రెండు నెల్లాయె నువ్వు కనపడి. సెయ్యి ఇయ్యి, సాలు. మాటనుకోని పోతాను."

"ఎవరండీ ఆయన?" అన్నాడు పరీక్షాధికారి.

నేను నోరు తెరిచేలోపల మొదటి బెంచీ పిల్ల లేచి నిలబడింది. "మా సారు ఆటకి పిలిపించినాడు సార్! గుడ్డ ఆటకి!"

"ఓహో, ఊరి మనిషినే తెప్పించారా? బాగుంది, బాగుంది. కానివ్వండి" అని ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. రోజంతటిలో ఆయన ముఖంలో ఆ వెలితి కనపడని క్షణం అదొక్కటే. కరస్పాండెంటు కూడా ముందుకు వంగాడు. మూడు రూపాయలాయనకు ఏమీ అర్థం కాలేదు. పెద్దమనుషులు రమ్మన్నారు గనక లోపలికి వచ్చి, నలభై రెండు మందికీ ఒక దండం పెట్టి, బల్లమీద ఉన్న నా తుండుగుడ్డ తీసి నా చేతి మీద కప్పాడు. ఇక నేను చేయగలిగింది లేదు.

ఆయన నా చెయ్యి మొత్తం పట్టుకున్నాడు. తరువాత ఒక వేలు నొక్కాడు. రెండు నెలల వడ్డీ.

"ఆరు!" అని అరిచింది మొదటి బెంచీ పిల్ల. "సార్, బోర్డు మింద రెండో లెక్కకి జవాబు అదే! ఆయన సెప్పేసినాడు సార్!"

తరగతి తరగతంతా చప్పట్లు కొట్టింది. పరీక్షాధికారి కూడా రెండు వేళ్ళతో బల్లమీద కొట్టాడు. మూడు రూపాయలాయన గుడ్డ వైపూ పిల్లల వైపూ మార్చి మార్చి చూశాడు. నా దగ్గర రెండు వేలే ఉన్నాయి. వేళ్ళకు బోర్డు సంగతి తెలియదు, జేబు సంగతే తెలుసు. రెండు నొక్కాను.

"తప్పు సార్!" అని నాలుగు బెంచీలు ఒకేసారి లేచాయి. "రెండు కాదు సార్! ఆరు!"

"ఒరే, సారు కావాలనే తప్పు సెప్తాండాడు, మనల్ని పరీచ్చ సేసేదానికి!"

మూడు రూపాయలాయన పాపం బెదిరిపోయి అలవాటు కొద్దీ మళ్ళీ ఆరు నొక్కాడు. "ఆరే! ఆయనా ఆరే అంటాడు!" జేబు అడుగున ఉన్న చిల్లర నోట్లు కూడా కలుపుకుని మూడు నొక్కాను. "మూడంట! అది ఒక నెలదే సార్! రెండు నెల్లకి ఆరు సార్, ఆరు!" అని నలభై రెండు మందీ కలిసి అరుస్తున్నారు. నా జీవితంలో నేను చెప్పిన పాఠం ఏ తరగతికీ అంత బాగా ఎక్కలేదు. ఆరు, ఆరు అంటూ కిటికీలోంచి మైదానంలోకి పోతోంది నా బాకీ. అక్కడ ఆవు కూడా ఒకసారి అరిచింది.

ఆ సందడిలో మొదటి బెంచీ పిల్ల మాత్రం ఆగిపోయింది. బోర్డు వైపు చూసింది, నా జేబు మీదున్న ఇంకో చెయ్యి వైపు చూసింది, ఆయన ముఖం చూసింది. కాటా ముల్లు నిలకడకు వచ్చినట్టు ఆ కళ్ళు నా మీద నిలిచాయి.

"సార్..." అంది, ఈసారి మెల్లగా. "బోర్డు మింద లెక్క మీదేనా సార్?"

మెల్లగానే అంది. కానీ సరిగ్గా అప్పుడే తరగతి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మూడు రూపాయలాయన కాలిన గిన్నె వదిలినట్టు నా చెయ్యి వదిలేశాడు. తుండుగుడ్డ కింద పడింది. ఎవరూ నవ్వలేదు. నలభై రెండు మందిలో ఒక్కడైనా నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. పరీక్షాధికారి గొడుగు సర్దుకుని, బోర్డు చదివి, "పాఠం పూర్తి చేయండి మాస్టారూ" అన్నాడు. నన్ను మాస్టారూ అన్న మొదటి మనిషి ఆయన. పూర్తి చేశాను. అసలు, కాలం, వడ్డీ రేటు, మూడూ హెచ్చించి నూరుతో భాగించి, జవాబు ఆరు వేలు అని కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడు రూపాయలాయన వేపచెట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకంటే ఆయనే ఎక్కువ కుంగిపోయాడు. ఒకరి బాకీ ఆయన వల్ల బజారున పడటం అదే మొదటిసారి.

"పిల్లోళ్ళకి ఈ విద్య ఎవురు నేర్పిచ్చింది అప్పా?" అన్నాడు.

"నేనే మామా."

"ఆ లెక్క బోర్డు మింద రాసింది ఎవురు?"

"నేనే."

ఆయన ఆవు కొమ్ములకు చుట్టిన గుడ్డ విప్పుతూ, "గుట్టు దాసిపెట్టేదానికి నేను ఇన్నేండ్లు తిప్పలు పడితిని గదప్పా. నువ్వేమో దానికి తరగతి పెట్టి సెప్పి పెడ్తివి. నన్నేం సెయ్యమంటావు?" అన్నాడు. జేబులో ఉన్న రెండు వేలూ తీసుకున్నాడు, చిల్లర మాత్రం బస్సులకని నాకే వదిలేశాడు. మిగతాది తరువాతి నెలకు తోశాడు. మరుసటి నెల ఆయన కొత్త టర్కీ తువాలు కొనుక్కుని వచ్చాడు. చాలా మందం. వడ్డీ మాత్రం మూడు రూపాయలే.

నాకు డెబ్బై రెండు మార్కులు వచ్చాయి. బోధనోపకరణం సహజంగా ఉంది అని రాశాడట పరీక్షాధికారి. కరస్పాండెంటు మాత్రం నన్ను పక్కకు పిలిచి, నా ముఖం చూడకుండా, "పాఠం బాగా సెప్పినావు. కానీ నాకు భయం అయ్యా" అన్నాడు. కోపంగా అని ఉంటే ఏదైనా జవాబు చెప్పేవాణ్ణి. భయమంటున్న మనిషికి ఏం చెప్తాం? ముప్పై ఒక్క నెలల లెక్క అక్కడితో కొట్టేసినట్టే అయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మా ఆవిడ జాకెట్లు కత్తిరించే బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆమె ఇంట్లో కుట్టుపని చేసేది. మొదటి బెంచీ పిల్ల తల్లి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చి వెళ్ళిందని, చెప్పకుండానే తెలిసిపోయింది. ఆమె అరవలేదు. ఏడవలేదు. నల్ల లైనింగు గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, కొలతలు గీసే సుద్ద నా చేతికి ఇచ్చింది.

"బోర్డు మింద రాసినారంట గదా" అంది. "నలభై మంది పిల్లోళ్ళకు తెలిసింది. నాకూ ఒకసారి రాసి సూపీండి."

రాశాను. ఎనభై రాసి, ఇరవై రాసి, కింద గీత గీసి, లక్ష వేశాను. ఆమె వంగి సున్నాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు. మళ్ళీ లెక్కపెట్టింది.

"యాబై అంటిరే."

"మంచి రోజు చూసి చెప్దామని..."

"ఈ పొద్దు మంచిదేనా?" అంది. ఆమె చేతికున్న రెండు బంగారు గాజులూ సబ్బు నీళ్ళతో తడిపి తీసి ఆ గుడ్డ మీదే పెట్టింది. "ఇవీ ఏసి మళ్ళీ లెక్క సెయ్యండి. ఈసారి నా ముందర." ఆ గాజులు ఇరవై ఎనిమిది వేలకు పోయాయి. మిగిలింది డెబ్బై రెండు. (నా మార్కులెన్నో అన్ని వేలు. నవ్వు రాని చోట కూడా అంకెలు ఇట్లా వేళాకోళం చేస్తాయి.) నెలకు వడ్డీ రెండు వేల నూట అరవై. తిరుపతిలో ఒక చిన్న బడిలో నాలుగున్నర వేలకు దొరికిన ఉద్యోగంతో, సాయంత్రం ట్యూషన్లతో, అది తీరడానికి ఆరేళ్ళ రెండు నెలలు పట్టింది. ఆఖరి నెల మూడు రూపాయలాయన ఆ టర్కీ తువాలు కప్పి, నా చెయ్యి పట్టుకుని, ఏ వేలూ నొక్కకుండా కాసేపు అట్లాగే ఉంచుకుని వదిలేశాడు. తరువాత రెండేళ్ళకు పోయాడు. ఆయన కొడుకు ఇప్పుడు బాకీలు ఫోనులోనే అడుగుతాడట, గట్టిగా.

ఈ సంవత్సరం మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం తిరుపతిలో ఒక బంగారు తాకట్టు కార్యాలయానికి పోయాను. తరువాత కొన్న గాజులు, అవీ రెండే. పక్కన మా ఆవిడ ఉంది. (ఆ నల్లగుడ్డ సాయంత్రం తరువాత డబ్బు దగ్గరికి నేను ఒంటరిగా పోలేదు.) వెనక వరుసలో పదిమంది దాకా నిలబడి ఉన్నారు. అద్దం వెనక ఒక అమ్మాయి గాజులు తూకం వేసి, తలెత్తి నన్ను చూసి, చూస్తూ ఉండిపోయింది. జడలు లేవు. కళ్ళు మాత్రం అవే, కాటా ముల్లు.

"సార్," అంది మెల్లగా, "తుండు తెచ్చినారా?"

ఆ పిల్ల ఇటూ అటూ చూసి, తాకట్టు ఫారాన్ని అద్దం కింది సందులోంచి ముందుకు తోసి, దాని కింద నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి మొత్తం ఒకసారి, తరువాత మూడు వేళ్ళు: ఎనిమిది. వరుసలో ఒక్కరికీ ఏమీ కనపడలేదు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, నేను ఒక వేలు ఎక్కువ నొక్కాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళతోనే తల అడ్డంగా ఊపింది.

"ఎంతంట?" అంది మా ఆవిడ, నా మోచేయి పట్టుకుని.

ఫారం కింద నుంచి చెయ్యి బయటికి తీసుకున్నాను.

"ఎనభై వేలు" అన్నాను. వరుసలో చివరివాడికి కూడా వినపడి ఉంటుంది.